తాడుతో కూర్చునే అద్దం

కృష్ణా జిల్లాలో నలభై అయిదు దాటిన ఎవరినైనా అడిగి చూడండి, చిన్నప్పుడు అంబాసిడర్ కారులో వాళ్ళకి దొరికిన చోటు ఏదని. ముందు డ్రైవరు పక్కన తాతగారు, ఆయన్ని ఆనుకుని పెదనాన్న. వెనక సీట్లో నానమ్మ, అమ్మ, పిన్ని, వాళ్ళ ఒళ్ళో చంటివాళ్ళు. ఇక మిగిలిన పిల్లలకి సీటంటూ ఉండేది కాదు. పెద్దవాళ్ళ సందుల్లో ఇరుక్కుని, సీటు మీద మోకాళ్ళేసి, వెనక్కి తిరిగి అద్దానికి ముక్కు ఆనించి కూర్చునేవాళ్ళు. చల్లపల్లి నుంచి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడికి వెళ్తుంటే బజారు, ఊరి చివరి చెట్లు ఒక్కొక్కటీ చిన్నవైపోతూ దుమ్ములో కలిసిపోవడం చూసింది ఆ అద్దంలోంచే. ముందు ఏముందో పెద్దవాళ్ళకి కనిపించేది. వెనక ఏం మిగిలిందో పిల్లలకి కనిపించేది.

ఆ అద్దం గురించే ఈ కబుర్లన్నీ. అద్దం గురించి అనేకంటే, దాన్ని మళ్ళీ బిగించడం గురించి అనాలేమో.

ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారుని చూసి హిందుస్థాన్ మోటార్స్ కంపెనీ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ని చేయడం మొదలుపెట్టింది 1950ల చివర్లో. 2014 మేలో ఫ్యాక్టరీ ఆగిపోయేదాకా ఆ బొద్దు రూపం పెద్దగా మారలేదు. ఇంజన్లు మారాయి, ముందు గ్రిల్లు మారింది, దీపాలు మారాయి. తాతగారి టోపీలాంటి ఆ పైకప్పు మాత్రం అలాగే ఉండిపోయింది. డెల్టా పల్లెల్లో ఇప్పటికీ కొన్ని ఇళ్ళ వెనక, గడ్డివాముల పక్కన రేకుల షెడ్లలో టార్పాలిన్ కప్పుకుని ఆ కార్లు ఉన్నాయి. అమ్ముదామంటే పాతసామాను ధర. ఉంచుదామంటే ఎలుకల సంసారం. ఇంతలో ఏ హైదరాబాదు నుంచో, అమెరికా నుంచో మనవడు వస్తాడు. ‘తాతయ్య బండి బాగుచేయిద్దాం’ అంటాడు. అక్కడి నుంచి మొదలు.

ఎక్కడైనా వరస ఒక్కటే. ముందు ఇంజను. అది దడదడమని తిరిగిన రోజు ఇంట్లో పండగే. తర్వాత బ్రేకులు, వైరింగు, టైర్లు, సీట్ల కుట్టు. టింకరింగు నెలలు పడుతుంది. రంగు పడిన రోజు ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపుతారు. చివర్లో ఎవరో అంటారు, ‘ఇంకేముందీ, అద్దాలేగా!’ అని.

అసలు తంటా ఆ ‘అద్దాలేగా’ అన్న మాటతోనే.

ముందు అద్దం దగ్గర నీరు కారితే డ్రైవరు మోకాళ్ళ మీద పడుతుంది. ఆ పూటే తెలిసిపోతుంది. వెనక అద్దం అలా కాదు. దాని కింద వెనక సీటుకీ అద్దానికీ మధ్య బల్లలాంటి అర ఉంటుంది. బీడింగు సందులోంచి దిగిన నీరు ఆ అర కిందకి పోతుంది. అక్కడి నుంచి సీటు వీపు వెనక్కి, అటునుంచి డిక్కీ నేలలోకి. నీరు పల్లమెరుగు అంటారు కదా, కారులో పల్లం ఎక్కడో దానికి బాగా తెలుసు. స్పేరు టైరు కింద నిలిచి, ఎవరికీ కనబడకుండా రేకుని తినేస్తుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. రెండు వానాకాలాలు గడిచాక ఓ రోజు డిక్కీ చాప ఎత్తి చూస్తే కింద రోడ్డు కనిపిస్తుంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు.

పైగా ఇది డెల్టా. గాలిలో తడి ఏడాది పొడుగునా ఉంటుంది. సముద్రం దగ్గరే కాబట్టి ఆ తడిలో ఉప్పు కూడా ఉంటుంది. అక్టోబరు, నవంబరు వస్తే తుపాను భయం సరేసరి. చల్లపల్లి దాటితే వచ్చే దివిసీమని 1977 నవంబరు 19న ఉప్పెన ముంచెత్తిన సంగతి ఇక్కడి వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మనుషులూ పశువులూ వేలల్లో పోయిన ఆ రాత్రి ముందు కార్ల లెక్క ఒక లెక్క కాదు. కానీ ఉప్పునీరు తగిలిన ఇనుము ఎలా అవుతుందో ఈ ప్రాంతం కళ్ళారా చూసింది. పొడి నేల మీద ఇరవై ఏళ్ళు నిలిచే రేకు ఇక్కడ అన్నాళ్ళు నిలవదు. అందుకే చల్లపల్లిలో పాత కారుకి వెనకద్దం బిగించడమంటే సోకు కోసం చేసే పని కాదు. బండి బతుకు దాని మీదే ఉంది.

పని విప్పడంతో మొదలవుతుంది. పాత రబ్బరు బీడింగు ఎండకి ఎండీ ఎండీ చెక్కలా అయిపోయి ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవరుతో పెకలించాలని చూడటం మహా పొరపాటు. స్క్రూడ్రైవరు మొన అద్దం అంచుకి తగిలిందా, ఇక అద్దం గురించి మాట్లాడుకోనవసరం లేదు. బయటివైపు రబ్బరు పెదవిని బ్లేడుతో నిదానంగా కోసేసుకుంటూ రావాలి. తర్వాత లోపల ఒకరు రెండు చేతులతో మెల్లగా తోస్తే, బయట ఇద్దరు అందుకోవాలి. వచ్చిన అద్దాన్ని సిమెంటు నేల మీద పెట్టకూడదు. బొంత మడిచి వేసి, దాని మీద గోడకి చేరవేయాలి. ఇంట్లో పాత బొంతలకి ఇంతకన్నా మంచి ఉద్యోగం దొరకదు.

కోసిన బీడింగుని చాలామంది అక్కడే చెత్తలో పారేస్తారు. పారేయకండి. కొత్తది వచ్చి, సరిపోయిందని తేలేదాకా పాతదే కొలబద్ద. అతుకు కింద మధ్యలో ఉందా, పైన ఉందా, ఏ పెదవి లోపలికి, ఏది బయటికి, మెరిసే పట్టీ ఏ గాడిలో కూర్చుంది... ఇవన్నీ చెప్పేది ఆ ఎండిపోయిన రబ్బరు ముక్కే. ఫోనుంది కాబట్టి విప్పే ముందు నాలుగు ఫొటోలు తీసుకోవడం ఇంకా మంచిది. ఆర్నెల్ల తర్వాత మేస్త్రీకి గానీ మీకు గానీ ఏదీ గుర్తుండదు.

అద్దం తీశాక కనిపించే దృశ్యం కొంచెం గుండె దిటవు చేసుకుని చూడాల్సిందే. బీడింగు కప్పి ఉంచిన రేకు అంచు, ముఖ్యంగా కింది రెండు మూలల దగ్గర, అప్పడంలా పొరలు పొరలుగా లేస్తుంది. ఇక్కడే ఇంటి యజమానికీ మేస్త్రీకీ మొదటి పేచీ. తుప్పు గీకి, పైన పుట్టీ పెట్టి నున్నగా చేసేస్తే ఒక పూటలో అయిపోతుంది, చూడటానికీ బాగుంటుంది. కానీ పుట్టీ రేకు కాదు. దాని వెనక తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. పైగా మందంగా పుట్టీ పెట్టిన చోట అంచు ఉబ్బి, అద్దాన్ని ఒకవైపు నుంచి నొక్కుతుంది. పాడైన ముక్క కోసేసి, అదే మందం ఉన్న కొత్త రేకు అతికించాలి. పాత రేకు మీదే ఇంకో రేకు వేసి వెల్డింగు చేస్తే అంచు రెండింతల మందమవుతుంది. అప్పుడు బీడింగు గాడిలోకి అది దూరదు. దూరకపోతే ఎవరో ఒకరు సుత్తి తీస్తారు. సుత్తి తీశాక ఏమవుతుందో చెప్పాలా?

అంచు బాగయ్యాక రబ్బరు లేకుండానే అద్దాన్ని ఒకసారి ఖాళీలో నిలబెట్టి చూడాలి. చుట్టూ సందు ఒకేలా ఉందా? అద్దం వంపూ, రేకు వంపూ కలుస్తున్నాయా? ఒక మూల రేకుని తాకి, ఇంకో మూల వేలు దూరేంత ఖాళీ ఉంటే టింకరింగు ఇంకా అవలేదన్నమాట. రంగు పడకముందే ఇది చూసుకోవాలి. పడ్డాక చూసుకుంటే మేస్త్రీ ముఖం, యజమాని ముఖం రెండూ చూడలేం.

ప్రైమరు, రంగు ఆ అంచు మీద కూడా లోపలిదాకా పడాలి. అద్దం తీయకుండా బీడింగు చుట్టూ పాత పేపరు అంటించి రంగు కొట్టేయడం మన దగ్గర మామూలే. ఆ రంగు బీడింగు దాకా వచ్చి ఆగిపోతుంది. కింద ఉన్న రేకు బోసిగానే మిగులుతుంది. ఏడాది తిరక్కుండా బీడింగు చుట్టూ సన్నటి గోధుమరంగు గీత కనిపిస్తే కారణం అదే.

ఇంతకీ ఆ అద్దమంటే అంత భయమెందుకు? ముందు అద్దంలా రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పెట్టింది కాదిది. టఫెన్డ్ గ్లాసు. ఆరువందల డిగ్రీల సెల్సియస్ పైదాకా కాల్చి, ఒక్కసారిగా రెండు పక్కలా చల్లటి గాలి కొట్టి తయారు చేస్తారు. పైపొర ముందు గట్టిపడి బిగుసుకుంటుంది, లోపలి భాగం తర్వాత చల్లారుతూ దాన్ని లాగుతూ ఉంటుంది. ఈ లాగుడు వల్లే దానికా బలం. 17వ శతాబ్దంలోనే ఐరోపాలో దీన్నొక వింతగా ప్రదర్శించేవారు. కరిగిన గాజు చుక్కని చన్నీళ్ళలో వేస్తే తోక ఉన్న కన్నీటి బొట్టులా తయారవుతుంది. ప్రిన్స్ రూపర్ట్ చుక్కలని పేరు. తల మీద సుత్తితో కొట్టినా పగలదు. తోక చివర కాస్త విరిచామంటే మొత్తం పొడైపోతుంది! మన వెనకద్దానికీ తోక ఉంది. దాని అంచే ఆ తోక. మధ్యలో అరచేత్తో ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది. అంచుకి రాయి రవ్వంత తగిలినా బియ్యపు మూట తెగినట్టు జలజలా రాలిపోతుంది.

రాలితే ఇంకొకటి కావాలి. టఫెన్డ్ అద్దాన్ని తర్వాత కోయడం, రంధ్రం వేయడం కుదరదు. పెద్దది తెచ్చి తగ్గించుకుందామంటే జరిగే పని కాదు. కాబట్టి అదే కొలత, అదే వంపు ఉన్నది వెతకాలి. కృష్ణా జిల్లా వాళ్ళకి ఈ విషయంలో ఒక అదృష్టం విజయవాడ ఆటోనగర్. లారీ బాడీలు కట్టే షెడ్ల నుంచి పాత స్పేరు పార్టుల దుకాణాల దాకా అక్కడ దొరకనిది అరుదు. ఏ కొట్లో దొరుకుతుందన్నది మాత్రం కాలినడకనే తేలాలి. దొరికాక దాన్ని ఇంటికి తేవడం ఇంకో యజ్ఞం. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి మీదుగా చల్లపల్లి దాకా ఎన్ని స్పీడు బ్రేకర్లున్నాయో అద్దం ఒళ్ళో పెట్టుకున్నప్పుడు తెలుస్తుంది. పడుకోబెట్టి తేకూడదు. నిలువుగా, బొంతల మధ్య, ఇద్దరు మనుషులు పట్టుకుని కూర్చుంటే మేలు. పెళ్ళికూతుర్ని తీసుకొచ్చినట్టే.

ఇక బీడింగు. దాన్ని అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లిషు హెచ్ అక్షరం పక్కకి పడుకున్నట్టు ఉంటుంది. ఒక గాడిలో అద్దం, ఎదుటి గాడిలో కారు రేకు. అంటే అద్దానికీ బండికీ మధ్య మేకు లేదు, జిగురు లేదు, ఉన్నదల్లా ఆ రబ్బరు పట్టే. మీటర్ల లెక్కన దొరికేదేదో తెచ్చి సరిపెడితే రెండు గాళ్ళలో ఒకటి వదులవుతుంది. పాత ముక్క పట్టుకెళ్ళి పోల్చుకునే కొనాలి. ఈపీడీఎం రకం రబ్బరైతే ఎండకి తొందరగా బీటలివ్వదు. కోసేటప్పుడు కొలతకన్నా ఒక వేలెడు ఎక్కువే ఉంచుకుని, ఆ ఎక్కువని చుట్టూ సర్దుతూ కూర్చోబెట్టాలి. లాగి సరిపెట్టిన రబ్బరు కొన్నాళ్ళకి ముడుచుకుని అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. నీటికి అంతకంటే ఏం కావాలి?

చుట్టూ మెరిసే పట్టీ దగ్గర పని తెలిసినవాళ్ళూ తడబడతారు. అది ముందు ఎక్కించాలా, అద్దం కూర్చున్నాక ఎక్కించాలా? పట్టీని బట్టి ఉంటుంది. అల్యూమినియంలాంటి బిరుసు లోహపు పట్టీ అయితే, అద్దానికి బీడింగు తొడిగాక బల్ల మీదే గాడిలో కూర్చోబెట్టడం మేలు. అద్దం కారుకెక్కిన తర్వాత దాన్ని దూర్చబోతే మూలల దగ్గర మడత పడుతుంది. ఆ మడత మళ్ళీ పోదు. వంగే ప్లాస్టిక్ పట్టీ అయితే ఆఖర్న. కొన్ని బీడింగుల్లో ఈ పట్టీ అందం కోసం మాత్రమే కాదు. అది గాడిలో దిగి రబ్బరు పెదవుల్ని రెండువైపులా తన్నిపెడుతుంది. అప్పుడే అద్దానికి పట్టు వస్తుంది. ‘తర్వాత వేయిద్దాంలే’ అని అది లేకుండానే తిప్పే బండ్లలో నీరు కారడంలో వింతేముంది! పట్టీ రెండు కొసలూ కలిసే చోట కప్పే చిన్న క్లిప్పు ఉంటుంది. బండి మొత్తంలో పోతే దొరకని వస్తువేదంటే అదే. చిన్న డబ్బాలో వేసి, డబ్బా మీద పేరు రాసి దాచాలి.

అన్నీ సిద్ధమయ్యాక ఎండ కాసే రోజు చూసుకోవాలి. ఎండలో కాసేపు ఉంచిన రబ్బరు మెత్తబడి మాట వింటుంది. అయిదారు మిల్లీమీటర్ల మందం ఉన్న నైలాను తాడుని, రేకు కూర్చోవాల్సిన గాడిలో చుట్టూ దూర్చాలి. రెండు కొసలూ కింద మధ్యలో ఒక జానెడు ఒకదాని మీదొకటి వచ్చేట్టు వదిలి, కారు లోపలికి వేలాడేయాలి. గాడికీ రేకుకీ సబ్బు నీళ్ళు పూయాలి. నూనె, గ్రీజు, పెట్రోలు మాత్రం వద్దు. సులువుగా జారుతుందనుకుంటారు గానీ, వాటికి రబ్బరు ఉబ్బి చెడిపోతుంది.

బయట ఇద్దరు అద్దాన్ని సరిగ్గా మధ్యకి పట్టుకుని కింది అంచు ఆనిస్తారు. లోపల మేస్త్రీ వెనక సీటు తీసేసిన చోట కూర్చుని తాడు కొస అందుకుంటాడు. తాడుని తనవైపుకి లాగుతుంటే రబ్బరు పెదవి రేకు మీదుగా పొర్లి లోపలికి వచ్చి కూర్చుంటుంది. బెత్తెడు లాగడం, ఆగడం. ఆ చోట బయటివాళ్ళు అరచేత్తో తట్టడం, మళ్ళీ బెత్తెడు. ముందు కింది అంచు పూర్తి కావాలి. తర్వాత పక్కలు. పైభాగం ఆఖర్న. మూలల దగ్గర తాడు మొరాయిస్తుంది. లోపలి నుంచి గొంతు వినిపిస్తుంది...

‘‘బాబాయ్ గారూ, గుద్దకండి. అరచెయ్యి ఆనించి నొక్కండి చాలు. ఇంకాస్త కుడికి... ఆఁ, అక్కడే.’’

అసలు నేర్పంతా ఆ ‘అక్కడే’లో ఉంది. ఎంత బలం వేస్తే అద్దం ఓర్చుకుంటుందో, ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. మొరాయించిన చోట బలం పెంచడం కాదు, తాడు వెనక్కి దూర్చి, సబ్బు నీళ్ళు పూసి మళ్ళీ మొదలుపెట్టడమే పద్ధతి. ఒకటికి రెండుసార్లు అద్దం బయటికి తీయాల్సి వచ్చినా చిన్నతనం ఏమీ లేదు. పొద్దు వాలుతోంది, త్వరగా కానివ్వండని పక్కన నిలబడి తొందరపెట్టే చుట్టాన్ని మాత్రం టీ తెమ్మని సెంటరుకి పంపేయాలి.

ఆ తర్వాత అద్దానికీ రబ్బరుకీ మధ్య, రబ్బరుకీ రేకుకీ మధ్య గట్టిపడని రకం సీలెంటు సన్నగా ఎక్కించాలి. పైకి పొర్లిందాన్ని గుడ్డతో తుడిచేయాలి.

ఇక పరీక్ష. ఇంట్లో ఉన్న పాత దినపత్రికలకి మంచి పని. సీటు వెనకా, అర మీదా, డిక్కీలోనూ పరిచేయాలి. టార్చిలైటు ఇచ్చి ఒకరిని లోపల కూర్చోబెట్టాలి. బయట గొట్టంతో నీళ్ళు మెల్లగా, ముందు కింది అంచు మీద, అయిదు నిమిషాల తర్వాత పక్కల మీద, ఆఖర్న పైన పోయాలి. ఒకేసారి పైనుంచి కుమ్మరిస్తే నీరు ఎక్కడ దూరిందో ఎవరికీ తెలియదు. కింది నుంచి పైకి వస్తే, పేపరు తడిసిన క్షణాన గొట్టం ఎక్కడుందో అదే కంత.

కాగితాల సంగతి కూడా ఒక మాట. యాభై ఏళ్ళు దాటి, మొదటి రూపం చెడకుండా ఉన్న బండ్లని వింటేజ్ వాహనాలుగా నమోదు చేసే నిబంధనలు 2021 జులైలో వచ్చాయి. కొత్త నమోదుకి రుసుము ఇరవై వేలు. అలా నమోదైన బండిని ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకెళ్ళచ్చు గానీ రోజూ తిప్పడానికి లేదు. అంటే మోపిదేవికి వారం వారం వెళ్ళాలనుకునే ఇంటికి ఆ బోర్డు పనికిరాదు. మామూలు రిజిస్ట్రేషనే అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. ఏ దారైనా, వెనకద్దంలోంచి కనీసం డెబ్భై శాతం వెలుతురు రావాలన్నది మోటారు వాహనాల నిబంధన. పాత బండికి నల్లద్దం సోకు అటు చట్టానికీ నచ్చదు, ఇటు బండికీ నప్పదు.

ఇప్పటి కార్లకి అద్దాన్ని పాలీయురథేన్ జిగురుతో రేకుకే అంటించేస్తారు. తాడుతో పనిలేదు. కొత్తగా పని నేర్చుకునే కుర్రాళ్ళకి జిగురు తుపాకీ పట్టడం వచ్చు. తాడు లాగడం నేర్పాలంటే నేర్పడానికి అలాంటి బండి షెడ్డుకి రావాలి కదా! అంబాసిడర్లు రావడం తగ్గేకొద్దీ ఆ పని తెలిసిన చేతులకీ నెరుపు వస్తోంది. మీ షెడ్డులో బండి ఉండి, ఏ రోజుకైనా చేయిద్దామన్న ఆలోచనే ఉంటే, ఆటోనగర్లో తల నెరిసిన మేస్త్రీని ఇప్పుడే వెతుక్కోండి. తాడు లాగేటప్పుడు పక్కన ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టుకోమని ఆయన్ని అడగండి. కూలీ ఎక్కువైనా ఇవ్వండి.

అద్దం కూర్చున్నాక ఒకటి రెండు రోజులు కారు తలుపులు దబాలున వేయకూడదు. పక్క అద్దాలు కాస్త దించి ఉంచాలి. లేకపోతే లోపలి గాలి వెనకద్దాన్ని బయటికి తోస్తుంది. ఆ రెండు రోజులూ పిల్లల్ని అటు రానీయకండి. వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు, సీటు మీద మోకాళ్ళేసి అద్దానికి ముక్కు ఆనించేస్తారు.